ఇల్లు మన పేరున, పగ్గం ఎవరి చేతిలో?

మా వాడ చివర పదకొండు ఇండ్లు మొండిగోడలతో నిలబడి ఉన్నాయి. నాలుగు ఇండ్లు పునాది దాటి పైకి లేవలేదు. మిగతావి కిటికీ ఎత్తున ఆగిపోయినాయి. గోడల మధ్య సర్కారుకంప మొలిచింది. ఎండపొద్దు మేకలు అక్కడ పడుకుంటాయి. ఊర్లోవాళ్ళు ఆ దారిన పోతా పోతా ఒక మాట విసిరిపోతారు: ‘గవర్నమెంటు ఇండ్లిచ్చినా ఈ నాకొడుకులకు కట్టుకోను చేతగాలేదు.’

ఈ మాట విన్నప్పుడల్లా నాకు బెంగుళూరు గుర్తొస్తుంది. కదిరి నుంచి, కళ్యాణదుర్గం నుంచి, మడకశిర నుంచి, రాయదుర్గం నుంచి రాత్రి బస్సెక్కి పోయేవాళ్ళు ఎవరు? ఆ ఊర్లో ఇరవై అంతస్తుల మేడలకు ఇనుము కట్టింది, కాంక్రీటు మోసింది, బండలు పరిచింది ఎవరు? మన పిల్లోళ్ళు, మన ఆడోళ్ళు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న దేశం మొత్తం మీద మొదలైంది మన జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే. అయినా వలస ఆగలేదు. శెనక్కాయ ఎండిపోయిన ప్రతి ఏడూ మన వాడలు సగం ఖాళీ అయినాయి. అట్లా పోయినోళ్ళు బేల్దారి పని నేర్చుకుని వచ్చినారు. ఊరోళ్ళ ఇండ్లు కట్టను వాళ్ళ చేయి పనికొచ్చింది. మరి సొంత ఇండ్లు మాత్రం ఎందుకు మొండిగోడలైనాయి?

నేను ఆ పదకొండు ఇండ్లవాళ్ళను ఒక్కొక్కరినీ అడిగినాను. కథ ఒకటే. ఇల్లు మంజూరైన వారంలోపల ఒక మనిషి వచ్చినాడు. మోటారు సైకిలు, జేబులో రెండు ఫోన్లు, ఏ పార్టీ గెలిస్తే ఆ కండువా. ‘అక్కా, మీరు ఆఫీసుల చుట్టూ తిరగలేరు. అంతా నేను చూసుకుంటా. బ్యాంకు పుస్తకం ఇట్లియ్యి, బిల్లు పడినప్పుడు వచ్చి వేలిముద్ర వెయ్యి.’ మనవాళ్ళు ఇచ్చేసినారు. వాడు గుత్తకు ఒక మేస్త్రీని పెట్టినాడు. ఆ మేస్త్రీ ఇంకో మేస్త్రీకి ఇచ్చినాడు. పునాది బిల్లు పడింది, కొందరికి గోడల బిల్లు గూడా పడింది, గుత్తదారు కనపడకుండా పోయినాడు.

ఎందుకు సగంలోనే పోతారు అంటే లెక్క ఉంది. పునాది మట్టిలో ఉంటుంది. మూడడుగులు తవ్వల్సిన చోట అడుగున్నర తవ్వినా పూడ్చినాక ఎవరికీ కనపడదు. మిగులు అక్కడే. గోడ లేచేకొద్దీ, స్లాబు దగ్గరకొచ్చేకొద్దీ ఇనుము కొనాల, సిమెంటు కొనాల, సెంట్రింగుకు బాడిగ కట్టాల. అప్పుడు మిగులు తగ్గుతుంది. మిగులున్నంత వరకు కట్టి, తగ్గినకాడ వదిలేస్తాడు. వాడికి అది వ్యాపారం. మనకు మాత్రం పట్టా ఉంటుంది, ఆన్‌లైన్లో పేరు ఉంటుంది, అప్పు ఉంటుంది, ఇల్లు ఉండదు. మళ్ళీ అర్జీ పెడితే ‘నీ పేరున ఇదివరకే ఇల్లు మంజూరైంది’ అంటారు.

మనోళ్ళకు ఇల్లు అంటే నాలుగ్గోడలు మాత్రమే కాదని నేను చెప్పాల్సిన పని లేదు. అంటరానివాళ్ళు ఏమేం చేస్తే నేరమో బాబాసాహెబ్ అంబేడ్కర్ ఒక జాబితా రాసినాడు. పెంకుటిల్లు కట్టుకోవడం గూడా దాంట్లో ఒక నేరం. మా తాతలకు ఆ జాబితా ఎవరూ చదివి వినిపించలేదు, వాళ్ళ బతుకే ఆ జాబితా. ఊర్లో రాతిగోడలు, దూలాలు, దంతెలు, పైన చౌడు పరిచిన మిద్దెలు. మన గేరిలో మట్టిగోడ, పైన బోద. ఆ మిద్దెలకు రాళ్ళు మోసినోళ్ళు మనోళ్ళే, ఏటేటా వానలకు ముందు పైకెక్కి చౌడు పరిచినోళ్ళూ మనోళ్ళే. అదే బాబాసాహెబ్ 1930ల మొదట్లో బొంబాయి దాదర్‌లో రాజగృహ కట్టించుకున్నాడు, తన పుస్తకాలకు చోటు కావాలని. ఇల్లు ఎట్లుండాలో తానే అనుకుని కట్టించుకున్న మనిషి ఆయన.

కాగితం మీద చూస్తే ఈ పగ్గం మనకు చాలాకాలం కిందటే వచ్చింది. 1985లో ఇందిరా ఆవాస్ మొదలైనప్పుడు అది ఎస్సీ ఎస్టీలకు, విడుదలైన వెట్టి కూలీలకు ఉద్దేశించిన పథకం. కాంట్రాక్టర్లను పెట్టకూడదు, లబ్ధిదారే కట్టుకోవాల అని దాని నిబంధన. 2016లో దాని స్థానంలో వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ గ్రామీణ్‌లోనూ అదే మాట. మన రాష్ట్రంలో 2020 డిసెంబరు 25న ఆడోళ్ళ పేరున పట్టాలు పంచినారు, పల్లెల్లో సెంటున్నర. ఇంటికి లక్షా ఎనభై వేలు అన్నారు. మూడు దార్లు పెట్టినారు: సామాన్లు ప్రభుత్వం ఇస్తే మనం కట్టుకునేది ఒకటి, డబ్బులిస్తే మనమే కొని కట్టుకునేది ఒకటి, అంతా ప్రభుత్వమే కట్టించి ఇచ్చేది మూడోది. మా వాడలో చాలామంది మూడోదానికే వేలు పెట్టినారు. మొదటి రెండింటికి వేలు పెట్టినోళ్ళు గూడా చివరకు గుత్తదారు చేతిలోనే పడినారు. కాబట్టి తేడా కాగితంలో లేదు.

ఇప్పుడు మా చిన్నమ్మ ఇల్లు చెప్తాను. ఆ పదకొండు ఇండ్లకు ఎదురుగా పూర్తయి నిలబడిన ఇల్లు అది. ఆమె భర్త చనిపోయినాడు, కొడుకు బెంగుళూరులో. ఆమె ఆరో తరగతి వరకు చదివింది. గుత్తదారు వచ్చి అడిగితే ‘పుస్తకం ఇయ్యను నాయనా, నువ్వు పనిచేస్తానంటే కూలికి రా’ అనింది. వాడు మళ్ళీ రాలేదు.

మేస్త్రీని వెతకను ఆమె పట్టిన దారి చూడండి. ఎవర్నీ పేరు అడగలేదు. చుట్టుపక్కల నాలుగు ఊర్లు తిరిగి, రెండేండ్ల కిందట కట్టిన ఇండ్లు చూసింది. గోడలకు చీలికలుండాయా, వానకు స్లాబు కారుతుందా, వాకిలి తలుపు సరిగ్గా పడుతుందా అని. బాగున్న ఇల్లు ఎవరు కట్టినారో అప్పుడు అడిగింది. కొత్త ఇల్లు చూస్తే ఏమీ తెలీదు, సున్నం కొట్టినాక అన్ని గోడలూ అందంగానే ఉంటాయి. అట్లా దొరికిన మేస్త్రీ పక్క మండలం మాదిగాయన, పదేండ్లు బెంగుళూరులో చేసినాడు.

ఆమె మొత్తం గుత్తకు ఇయ్యలేదు. సామాను తనది, పని ఆయనది. పని కూడా ముక్కలు చేసి మాట్లాడుకుంది: పునాదికింత, బేస్‌మట్టం దాకా ఇంత, లింటెల్ దాకా ఇంత, స్లాబుకింత, పూతకింత. ఒక్కో ముక్క అయినాక లెక్క తీర్చేది. అడ్వాన్సు ఎంత, పనిముట్లు ఎవరివి, సెంట్రింగు బాడిగ ఎవరిది, నీళ్ళు ఎవరు తేవాల, పగిలిన ఇటుక ఎవరి ఖాతా - అన్నీ ఒక నోటుపుస్తకంలో రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకున్నారు. మేస్త్రీ మొదట నొచ్చుకున్నాడు. ‘ఏమక్కా, నా మింద నమ్మకం ల్యాదా?’ అన్నాడు. ‘నమ్మకముండాది గాబట్టే నిన్ను పిల్చినా నాయనా. లెక్క నా ఒక్కదాని కోసరం గాదు, రేపు నేను ఎగ్గొడితే నీకూ పనికొస్తాది’ అనింది. ఈ మాట ఎంత నిజమో తర్వాత తెలిసింది, అది చెప్తాను.

సామాను కాడ జరిగే మోసం మన చదువుకున్న పిల్లోళ్ళకు గూడా తెలీదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ఇనుప కడ్డీ పన్నెండు మీటర్ల పొడవు ఉంటుంది. 8 మిల్లీమీటర్ల కడ్డీ ఒక్కటి నాలుగు కిలోల ముప్పావు తూగాల. 10 మిల్లీమీటర్లది ఏడు కిలోల నాలుగొందల గ్రాములు. 12ది పది కిలోల ఆరొందల యాభై గ్రాముల దగ్గర. ఒకట్రెండు వందల గ్రాములు అటూ ఇటూ ఉండొచ్చు. అంతకు మించి తగ్గిందంటే 8 అని చెప్పి సన్నది ఇచ్చినారని అర్థం. చిన్నమ్మ శెనక్కాయ మూటలు తూచే కాటా తెప్పించి, అంగడి ముందే తూయించింది. అంగడాయన ముఖం మాడిపోయింది, కానీ కడ్డీలు మార్చి ఇచ్చినాడు. సిమెంటు సంచి మీద తయారైన వారం, సంవత్సరం అచ్చేసి ఉంటాయి. మూడు నెలలు దాటిన సిమెంటు బలం తగ్గుతుంది. సంచి పిసికితే లోపల గడ్డలు తగిలితే వద్దనండి.

కలిపేటప్పుడు కొలత తట్టతో జరగాల, పారతో గాదు. గోడకు ఒక తట్ట సిమెంటుకు ఆరు తట్టల ఇసుక. స్లాబుకు ఒకటికి ఒకటిన్నర ఇసుక, మూడు కంకర. నీళ్ళు సంచికి పాతిక లీటర్లు, కొంచెం అటూ ఇటూ. నీళ్ళెక్కువ పోస్తే మాలు జారుడుగా ఉండి పని సులువైపోతుంది. ఆ సులువుకే స్లాబు బలం పోతుంది. కూలోళ్ళు అలసిపోయినప్పుడు నీళ్ళు పోస్తారు, వాళ్ళను తిట్టొద్దు, పక్కన నిలబడండి. గది మూల సరిగ్గా ఉందా లేదా చూడను పెద్ద చదువు అక్కర్లేదు: ఒక గోడ మీద మూడడుగులు, పక్క గోడ మీద నాలుగడుగులు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య ఏటవాలుగా కొలిస్తే ఐదడుగులు రావాల. గోడ నిటారుగా ఉందా లేదా దారానికి కట్టిన గుండు చెప్తుంది. నీళ్ళు నింపిన సన్న పైపు నాలుగు మూలల మట్టం చెప్తుంది. ఈ మూడూ కలిపి ఐదొందల రూపాయల సామాను లేదు.

పునాది సంగతి వేరే. మన జిల్లాలో అంతా ఒక తీరు నేల గాదు. కళ్యాణదుర్గం పక్క గరుసు నేలలో మూడడుగులకే గట్టి తగులుతుంది. తాడిపత్రి, గుంతకల్లు, ఉరవకొండ పక్క నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు బారుతుంది, పైన గోడ చీలుతుంది. నల్లరేగడిలో గరుసు నేలకు తవ్వినట్టు తవ్వితే ఇల్లు నిలవదు. మన కాలనీలకు ఇచ్చే జాగాలు చాలాచోట్ల వంక పక్కనో, చెరువు దిగువనో ఎత్తిపోసిన మట్టిలోనో ఉంటాయి, మంచి జాగా మనకెవడిస్తాడు? కాబట్టి పునాది గుంత పూడ్చకముందే ఇంజినీరింగ్ అసిస్టెంటును పిలిపించి చూపించండి. ఆయన రాకపోతే సంఘం పోయి పిలుచుకొస్తుంది. మా చిన్నమ్మ ఇంటికి ఆయన మూడోసారి పిలిస్తే వచ్చినాడు. వచ్చి ఇంకో అడుగు తవ్వించినాడు. ఆ అడుగుకు అయిన కూలికి చిన్నమ్మ రెండు రోజులు మాట్లాడలేదు గానీ, గోడ ఇప్పటికీ చీలలేదు.

అసలు కష్టం నీళ్ళు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లాలో సిమెంటు ఇల్లు అంటే నీళ్ళు తాగే ఇల్లు. గోడకు వారం, స్లాబుకు కనీసం పది రోజులు, వీలైతే రెండు వారాలు తడి ఆరకూడదు. తడి ఆరితే సిమెంటు గట్టిపడకముందే చస్తుంది. మా వాడ బోరు మార్చిలో ఎండిపోతుంది. పక్క తోటలో బోరుంది, అది రెడ్డిది. బిందె నీళ్ళకు పోతే ఇస్తాడు, ఇల్లు తడపను నీళ్ళడిగితే ‘మీకెందుకురా మిద్దెలు’ అంటాడు. పదకొండు ఇండ్లలో మూడింటి గోడలు ఏప్రిల్‌లో కట్టినారు. గోటితో గీకితే ఇసుక రాలుతుంది. చిన్నమ్మ కార్తీకం దాకా ఆగింది. వానలు పోయి బావుల్లో ఇంత నీళ్ళు ఉన్నప్పుడు, ఎండ తగ్గినప్పుడు గోడలు లేపి, సంక్రాంతికి ముందు స్లాబు పోసింది. స్లాబు మీద మట్టికట్టలు కట్టి మడులు చేసి నీళ్ళు నిలిపింది. గోడలకు పాత గోనెసంచులు వేలాడదీసి తడిపింది. సెంట్రింగు పద్నాలుగు రోజులు విప్పనీలేదు. సెంట్రింగు రేకులకు రోజు బాడిగ, అందుకే గుత్తదారు వారానికే విప్పుతాడు.

ఇంతవరకు మేస్త్రీని, అంగడాయనను, గుత్తదారును అన్నాను. ఇప్పుడు మన తప్పు చెప్పుకోవాల.

లింటెల్ అయినాక మా చిన్నమ్మ అన్న ఒక వాస్తు ఆయనను పిలుచుకొచ్చినాడు. ఆయన వచ్చి వంటగది ఆ మూల ఉండకూడదు, కిటికీ ఈ పక్క పెట్టాల అన్నాడు. మన వాడను ఊరి బయట పెట్టమని చెప్పినోళ్ళ శాస్త్రం అది. దాన్ని మన ఇంట్లోకి మనమే పిలుచుకున్నాం. నేను వద్దన్నాను, నా మాట ఎవరూ వినలేదు. గోడ పగలగొట్టించి మళ్ళీ కట్టించినారు. మేస్త్రీ నాలుగు రోజుల కూలి అడిగితే, ‘గుత్తలోదే గదా’ అని మా పెదనాయన ఎదురు తిరిగినాడు. ‘నీ మాదిగ మేస్త్రీతనం మా దగ్గర చూపిస్తావా’ అనే మాట గూడా వచ్చింది. మేము మాలవాళ్ళం. ఆ మాట విన్నప్పుడు నాకు తల తీసేసినట్టయింది. ఊర్లో రెడ్డి మనల్ని అనే మాటను మనమే పక్కవాడికి అంటున్నాం. ఆ మేస్త్రీ కింద ముగ్గురు ఆడోళ్ళు, ఇద్దరు పిల్లోళ్ళు పనిచేస్తున్నారు. ఆ నాలుగు రోజుల కూలి ఆయన జేబులోంచి వాళ్ళకు ఇయ్యాల.

సంఘంలో పంచాయితీ జరిగింది. చిన్నమ్మ నోటుపుస్తకం తెచ్చి అందరి ముందు పెట్టింది. లింటెల్ దాకా అని రాసుకున్న పని అయిపోయింది, మార్పు మన ఇష్టంతో చేసుకున్నది, కాబట్టి కూలి ఇయ్యాల్సిందే అని తేలింది. పెదనాయన మేస్త్రీని క్షమించమని అడిగినాడు. అడగను వారం పట్టింది, అయినా అడిగినాడు. ఆ పుస్తకం లేకపోతే మేస్త్రీ పనిముట్లు సర్దుకుని పోయుండేవాడు, ఆ ఇల్లు పన్నెండో మొండిగోడ అయ్యేది.

ఇంకొకటి. మాలు కలిపి, ఇటుకలు మోసి, నీళ్ళు పట్టే ఆడమనిషికి మగకూలి కంటే తక్కువ ఇస్తాం. సమాన పనికి సమాన కూలి అని 1976లోనే చట్టం వచ్చింది. ‘రెడ్డి పొలంలో సమాన కూలి’ అని జెండా పట్టి తిరిగిన మనమే మన ఇంటి కాడ తేడా చేస్తే ఆ జెండాకు విలువేముంది? చిన్నమ్మ ఈ విషయంలో మొదట ఒప్పుకోలేదు, ‘మేస్త్రీ పద్ధతి’ అనింది. తర్వాత ఒప్పుకుంది, పూర్తిగా గాదు. సగం తేడా తగ్గించింది.

సంఘంలో కొందరు అన్నలు నాతో గట్టిగా వాదిస్తారు. వాళ్ళ మాట ఇది: ‘తరతరాలుగా మన కష్టం తిన్న ప్రభుత్వం, సమాజం మనకు ఇల్లు కట్టించి తాళంచెవి చేతికి ఇయ్యాల. అది మన హక్కు. నువ్వేమో పేదోణ్ణి ఇనుము తూచుకో, నీళ్ళు మోసుకో అంటావు. ఇది ప్రభుత్వం మీది బరువు పేదోడి మీదికి దింపడం.’ ఈ మాటలో నిజం ఉంది, కొట్టిపారేయను. లక్షా ఎనభై వేలతో ఈ రోజుల్లో ఇల్లు పూర్తి కాదు, అందరికీ తెలుసు. 2025 మార్చిలో సగంలో ఆగిన ఇండ్లకు ఎస్సీలకు, బీసీలకు యాభై వేలు, ఎస్టీలకు డెబ్బై ఐదు వేలు అదనంగా ఇస్తామన్నారంటే ప్రభుత్వమే ఆ మాట ఒప్పుకున్నట్టు. కూలిపని చేసుకునే ఒంటరి ఆడమనిషికి రెండు నెలలు కూలి వదిలి ఇంటి కాడ నిలబడను శక్తి ఉండదు. ముసలోళ్ళకు, వికలాంగులకు ప్రభుత్వమే కట్టించాల్సిందే.

కానీ ‘ప్రభుత్వం కట్టిస్తుంది’ అంటే మన ఊరికి వచ్చేది ప్రభుత్వం గాదు, గుత్తదారు. వాడు ఎవరి మనిషో మనకు తెలుసు. డబ్బు హక్కుగా అడుగుదాం, ఇంకా ఎక్కువ అడుగుదాం. ఆ డబ్బు ఖర్చయ్యే చోట మనం నిలబడే హక్కు గూడా వదలొద్దు. 2001 జనవరి 26న గుజరాత్ కచ్‌లో భూకంపం వచ్చి లక్షల ఇండ్లు కూలినాయి. అక్కడ ఎక్కువ ఇండ్లు యజమానులే కట్టుకున్నారు. ప్రభుత్వం దశలవారీగా డబ్బు ఇచ్చింది, ఇంజినీర్లు ప్రతి దశలో వచ్చి చూసినారు, మేస్త్రీలకు శిక్షణ ఇచ్చినారు. యజమాని కట్టుకోవడమంటే వాణ్ణి ఒంటరిగా వదిలేయడం గాదు. మన జిల్లాలో ఆ మూడింటిలో మనకు సరిగ్గా వచ్చేది డబ్బు ఒక్కటే, అదీ ఆలస్యంగా. కాబట్టి మండలాఫీసు ముందు కూర్చున్నప్పుడు ‘బిల్లు పెంచాల’ అనే ఒక్క మాట చాలదు. పునాది గుంత పూడ్చకముందు, స్లాబు పోయకముందు ఇంజినీరింగ్ అసిస్టెంటు వచ్చి చూసి, చూసినట్టు మన పుస్తకంలో సంతకం పెట్టాల. స్లాబు పోసిన రెండు వారాలు కాలనీకి నీళ్ళ ట్యాంకరు రావాల. బెంగుళూరు నుంచి తిరిగొచ్చిన మన పిల్లోళ్ళకు మేస్త్రీలుగా శిక్షణ, గుర్తింపు కార్డు ఇయ్యాల. మొండిగోడల కేసుల్లో బిల్లు ఎవరి చేతికి పోయిందో విచారణ చేసి, ఆ ఇంటివాళ్ళను మళ్ళీ జాబితాలో చేర్చాల.

ఇంటి పనిలో సంఘం చేయగలిగింది గూడా ఉంది. మేము ఒక కాటా, ఒక నీళ్ళ పైపు, గుండు దారం, కొలత టేపు, నాలుగు డ్రమ్ములు, ముప్పై గోనెసంచులు కొని సంఘం ఇంట్లో పెట్టినాం. ఎవరు ఇల్లు కడితే వాళ్ళింటికి పోతాయి. ఐదారు ఇండ్లు కలిసి ఒకేసారి సిమెంటు, ఇనుము కొంటే అంగడాయన బాడిగ లేకుండా తోలుతున్నాడు. స్లాబు రోజు ఇంటికొకరు కూలి లేకుండా వస్తారు, అన్నం ఇంటివాళ్ళది. సారా మాత్రం వద్దని కట్టుబాటు పెట్టుకున్నాం. స్లాబు రోజు తాగి మాలు కలిపితే ఏమవుతుందో ఒక ఇంట్లో చూసినాం.

మొండిగోడల్లో రెండు ఇండ్లు ఈ ఏడు మళ్ళీ మొదలైనాయి. పాత గోడలు పనికిరావని మేస్త్రీ కిటికీ ఎత్తు నుంచి తీసేయించినాడు. అదే మాదిగ మేస్త్రీ. మా పెదనాయనే పోయి పిలుచుకొచ్చినాడు. చిన్నమ్మ నోటుపుస్తకం ఒక ఇంట్లో ఉంది, అట్ట ఊడిపోయింది. రెండో ఇంటివాళ్ళు చూసి రాసుకుని ఇస్తామని తీసుకుపోయి ఇంకా తిరిగి ఇయ్యలేదని ఆమె పొద్దున కూడా తిట్టింది.